సంతకం ఎవరిది? శరీరం ఎవరిది?

(నల్లగొండ జిల్లాలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం బడిపంతుళ్లం. మాలో చాలామందిమి మా ఇళ్లల్లో మొట్టమొదట డిగ్రీ ముఖం చూసినవాళ్లం. చదువు గురించి, మారుతున్న వాతావరణం గురించి మాట్లాడమన్నారు. నల్లగొండోళ్లం కాబట్టి నీళ్ల దగ్గరే మొదలుపెడతాం.

నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోతాయని ఈ దేశంలో మొదట 1937లో రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల మనుషుల్ని చూసి రాశారు. తర్వాత మన జిల్లాకొచ్చారు. ఎన్ని జట్లు! నోరు తెరవమన్నారు, ఎక్స్‌రేలు తీశారు, సీసాల్లో మూత్రం పట్టుకుపోయారు. 1970లలో నాగపూర్ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి తయారుచేసి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దాకా పోయింది. కృష్ణా నీళ్లు మాత్రం మన వాడల దాకా రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. జబ్బు సంగతి ఎవరికీ తెలియక మన నడుములు వంగలేదు. అందరికీ తెలిసే వంగాయి.

పాత కథ ఇప్పుడెందుకంటారా? మనది గ్రానైటు నేల. ఆ రాతిలోని ఫ్లోరైడే నీళ్లలోకి దిగుతుంది. వానలు తప్పితే బోర్లు ఇంకా లోతుకి పోతాయి. కుళాయి నాలుగు రోజులు బందైతే మళ్లీ ఆ బోరింగే దిక్కు. ఎండల సంగతీ అంతే. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. కాబట్టి ఎండ మీద, నీళ్ల మీద, మన ఒంటి మీద సర్వేలు ఇంకా వస్తాయి. రానీయండి. కానీ ముందు బడికే వస్తారు. పిల్లలు వరసగా కూర్చుని ఒక్కచోట దొరుకుతారు కదా!

వచ్చి ఎవరి సంతకం అడుగుతారు?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. పిల్లల్లో చాలామంది ఆదివాసీలు, హాస్టళ్లలో ఉన్నవాళ్లు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు! టీకా మంచిదా కాదా అన్న తగువు మాకు లేదు. తల్లి బతికుండగా వార్డెన్ ఎవరి బిడ్డ మీద సంతకం పెట్టినట్టు? వేలు పెట్టిన తల్లికి ఆ కాగితం ఎవరు చదివి వినిపించారు? ఏకలవ్యుడి వేలు తీసుకున్నోళ్లు కనీసం అడిగి తీసుకున్నారు.

2017లో వైద్య పరిశోధన మండలే నియమం రాసింది. పిల్లల మీద పరిశోధనకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, 7 ఏళ్లు దాటితే బిడ్డ ఒప్పుకోలూ కావాలి. ఒంట్లో వద్దనే ధైర్యం మనం నేర్పామా? సారు చెప్పాడంటే చేయి చాపడమే నేర్పుతోంది మన చదువు.

పర్యావరణం పాఠం అన్ని తరగతుల్లో తప్పనిసరి చేయాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 2003లో గట్టిగా చెప్పింది. పాఠాలొచ్చాయి. నీళ్లు వృథా చేయకండి అని. ఎవరికి? పొద్దున్నే రెండు బిందెలు మోసుకుని బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లకి! బోర్లు వేసి తోటలు తడిపేవాడికి ఆ పాఠంలో పేరే లేదు.

ఇంకో ముచ్చట. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని, వంటపనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఆఫీసుల్లో ఎంతమంది చదివారో అడిగి చూడండి, తమాషాగా ఉంటుంది.

అందుకని మేం ఒక అర్జీ రాశాం. బడి బోరింగు నీళ్లు ఏటా వేసవిలో పరీక్ష చేయించి, ఫ్లోరైడు ఎంతుందో గోడ మీద తెలుగులో రాయాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ బోరింగుకి తాళం వేసి మంచినీళ్లు తేవాలి. ఆ అంకెనే సైన్సు పాఠంగా చెబుతాం. ఎవరు పరిశోధనకి వచ్చినా వాడలో కూర్చుని తెలుగులో చెప్పాలి, వద్దన్నవాళ్లకి హాస్టల్ సీటు పోదని రాసివ్వాలి, ఏం తేలిందో మళ్లీ వచ్చి చెప్పాలి. తల్లిదండ్రుల బదులు ఏ పంతులూ సంతకం పెట్టడు.

సోమవారం మండల విద్యాధికారికి ఇస్తున్నాం. కాగితం ఆ బల్ల మీదుంది. చదవడం రానివాళ్లకి మా పంతులమ్మలు చదివి వినిపిస్తారు, ఎంతసేపైనా పట్టనీయండి. నచ్చని మాటుంటే ఇక్కడే కొట్టేయిద్దాం.

జై భీమ్.