కొండవీటి కోట
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



ఏ పనియైనను తెమలక సాగుచున్నచో "కొండవీటి చాంతాడు" అనుట తెలుగుదేశమంతట వాడుక. మన గొలుగొండ వీధులలోను ఈ మాట వినబడుచునే యుండును. పలుకువారిలో కొండవీడు చూచినవారు మాత్రము తక్కువ. చాంతాడనగా నూతినుండి నీరు తోడు త్రాడు. కొండవీటి నూతులు మిక్కిలి లోతనియు, అందుచే అచటి చేదత్రాళ్లు మిక్కిలి పొడవనియు పెద్దలు చెప్పుదురు. అంత గొప్ప రాజధానిని గూర్చి ప్రజల నోట నిలిచినది సింహాసనము గాదు, నీళ్లు తోడు త్రాడు. కోటను చూడబోవువారు ఆ త్రాటిని పట్టుకొని పోవుటయే మేలు.

కొండవీడు గుంటూరునకు పడమరగా, చిలకలూరిపేటకు దాపున నున్నది. ఒకప్పుడు గుంటూరు మండలములోనిది. 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరినది. చుట్టును నల్లరేగడి చేలు, నడుమ కొండల వరుస. ఆ కొండల శిఖరములను కలుపుచు ప్రాకారము పాము వలె మెలికలు తిరిగి పోవుచుండును. పూర్వము మెట్లదారిని రొప్పుచు ఎక్కవలసి యుండెడిది. ఇప్పుడు కొండమీదికి ఘాటు రోడ్డు పడినది. అయినను కాళ్లలో బలమున్నవారు నడచి యెక్కుటయే మంచిది. శత్రుసైన్యమున కెంత శ్రమయైనదో మోటారులో పోవువానికి తెలియదు.

పైన కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా యని రెండు ద్వారములు ప్రసిద్ధములు. బురుజులు కొన్ని నిలిచినవి, కొన్ని ఒరిగినవి. శాలల కప్పులు కూలి గోడలలో రావిమొక్కలు మొలచినవి. సామాన్యముగా చూడబోయినవారు బురుజెక్కి, తిని, దిగి వత్తురు. కాని కొండమీద ముఖ్యముగా చూడదగినవి చెరువులు: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. పైచెరువు నిండి పొరలిన నీరు వృథాగాక క్రింది చెరువున చేరవలెనన్నచో నేల వాలు నెరిగినవాడే కట్ట వేయవలయును. ఈ పని చేసినవారి పేర్లు ఏ కావ్యములోను లేవు. గోడ శత్రువు నాపును గాని దప్పి నాపదు. నీరున్నంత కాలమే కొండకోట కోట.

కాకతీయ సామ్రాజ్యము 1323లో కూలిన పిమ్మట ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా స్వతంత్ర రాజ్యము నెలకొల్పెను. ఆతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. అద్దంకి మైదానము, కొండవీడు సహజదుర్గము. అయితే కొండపై వరి పండదు, గుఱ్ఱము పుట్టదు, కర్పూరము దొరకదు. కోట బ్రతుకు కొండక్రింద నుండెను; అందొక పెద్దపాలు సముద్రమున నుండెను.

కొండవీటికి దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున తీరమునందు మోటుపల్లి యున్నది. నేడది చిన్న గ్రామము, నాడు మహారేవు. ఓడ పగిలి తీరమునకు కొట్టుకొని వచ్చిన సరకును రాజులు స్వాధీనము చేసికొనుట పూర్వాచారము. కాకతీయ గణపతిదేవుడు 1244లో అచట అభయశాసనము వేయించి, ఆ దురాచారమును మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే గొనునట్లు ఏర్పాటు చేసెను. 1358లో అనవోతారెడ్డి ఆ రేవుననే మరల వర్తకులకు అభయమిచ్చెను. వచ్చి కాపురముండువారికి ఆదరణము, పోవువారికి అడ్డు లేకుండుట, బంగారముపై సుంకము తొలగించుట, సంతు లేక చనిపోయిన వర్తకుని ధనమును రాజు తీసికొనకుండుట — ఇవి అందలి ముఖ్యాంశములు. పరదేశమునుండి ప్రాణమునకు తెగించి ఓడ నడుపుకొని వచ్చినవానికి ఈ కడపటి మాట ఎంత ధైర్యమో ఆలోచింపుడు.

ఆ ధైర్యమునకు ఫలము కొండమీద కనబడెను. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములలో కర్పూరము వెదజల్లించి "కర్పూర వసంతరాయ" బిరుదు నొందెను. ఆ సుగంధద్రవ్యములు తెచ్చి యిచ్చినవాడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఈ సెట్టికే అంకితమిచ్చెను. సింహళమునుండి ఏనుగులు, హురుమంజి నుండి గుఱ్ఱములు, చీనానుండి పట్టువస్త్రములు వచ్చిన సంగతి అందు చెప్పబడినది. ఆ శ్రీనాథుడే పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారి. నేడు వెదుళ్ల చెరువు గట్టున పశువులు కాచుకొను పిల్లవానికి, ఈ గాలిలో ఒకనాడు కర్పూరపు వాసన తేలెనని చెప్పినచో నవ్వును.

రెడ్లలో కడపటివాడు రాచవేముడు. ఈతడు 1420 నుండి 1424 వరకు ఏలెను. బిడ్డ పుట్టిన యింటిపై పురిటి సుంకము వేసెననియు, అది సహింపలేక ఎల్లయ అనువాడు పొడిచి చంపెననియు స్థానిక కథనము. అక్షరాలా ఎట్లు జరిగినను, తాత సుంకము తగ్గించి ఓడలను పిలిచిన వంశమున, ఉయ్యాలపై సుంకము వేసినవాడు కడపటి రాజుగా జనుల తలపున మిగులుట గమనింపదగినది. కోట పిమ్మట విజయనగరమువారికి, తరువాత ఓడ్ర గజపతులకు వశమయ్యెను.

ఇక మన ప్రాంతమునకు సంబంధించిన ఘట్టము. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలిచి, 1515లో కొండవీటిని ముట్టడించి, కోటగోడలకు ఎత్తున కొయ్యమంచెలు నిలిపి, జూన్ మాసమున కోటను పట్టుకొనెను. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు ప్రాణములతో చిక్కెను. రాయలు ఉత్తరముగా సాగి 1516లో సింహాద్రికి వచ్చి, అప్పన్నకు 991 ముత్యముల హారము మొదలగు ఆభరణములు సమర్పించి శాసనము వేయించెను. కొండవీడు పడిన వృత్తాంతము ఆ సింహాచల శాసనములోనే యున్నది. చందనోత్సవమునకు పోయి వచ్చు మనవారు వేలకు వేలు. ఆ రాతిని తేరిచూచినవారెందరు?

చెరపడిన వీరభద్రుని గూర్చి పలుకథలున్నవి. శాసనసాక్ష్యము వేరు: 1516లో ఆతడు కన్నడదేశమున బెన్నూరు సీమను రాయల క్రింద పాలించుచు, అచటి పెండ్లి సుంకములను మాన్పెను. కోట పోగొట్టుకొన్న రాకుమారుడు పెండ్లిపందిళ్లపై సుంకము తీసివేయుట, అదే కోటలో పూర్వమొకడు పురిటిపై సుంకము వేసెననుట — ఈ రెండును ప్రక్కప్రక్కన పెట్టి చదువవలసినవి.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. పదునారవ శతాబ్దాంతమున గోలకొండ కుతుబ్ షాహీలు పట్టి ముర్తజానగరమని పేరు పెట్టిరి. 1788లో గుంటూరు సర్కారు ఆంగ్లేయుల చేతికి పోయెను. ఫిరంగుల కాలమున కొండకోటకు విలువ తగ్గెను. జనము మైదానమునకు దిగిరి.

గొలుగొండవారికి కొండయనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. 1845 మొదలు 1848 వరకు చిన్న భూపతి కుంఫిణీవారి నెదిరించినప్పుడు గాని, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు కృష్ణదేవిపేట ఠాణాను పట్టినప్పుడు గాని మనకు రాతిగోడలు లేవు. అడవియే ప్రాకారము, వాగే అగడ్త. అందుచేతనే ఆ పోరాటములకు చూపుటకు శిథిలములు మిగులలేదు. చెప్పు ముసలివారు పోయినచో కథయు పోవును. కొండవీటికట్లు గాదు. అచట రాళ్లున్నవి, కాని రాళ్లకును శత్రువు లున్నారు. నిధులున్నవను పేరాసతో గోడల మొదళ్లు త్రవ్వువారు, పేర్లు చెక్కువారు, రాళ్లు ఇండ్లకు మోసికొనిపోవువారు — కోటకు వీరు చేయు చెరుపు ముట్టడి చేసిన సైన్యము చేసినదానికన్న తక్కువ గాదు. కొండవీటి నిధి మోటుపల్లి రేవున దిగినది; బురుజు క్రింద వెదకిన దొరకదు.

పోదలచినవారు ముందుగా మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డిరాజ్య చరిత్రను చదివి పోవలయును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రకటించిన ఆ గ్రంథము ఆంగ్లమున నున్నది. చదువనేర్చిన పిల్లలు రాత్రివేళ గ్రంథాలయమున కూర్చుండి పెద్దలకు తెలుగున చెప్పవచ్చును. నర్సీపట్నం రోడ్డునగాని తునిలోగాని రైలెక్కి విజయవాడ మీదుగా గుంటూరు చేరవచ్చును. మాఘమాసము అనుకూలము. తెల్లవారకముందే ఎక్కుట మొదలిడవలెను. ముందు చెరువులు చూచి, పిమ్మట బురుజులు చూడుడు. తిరుగుప్రయాణమున ఇంకొక దినము చేతనున్నచో విశాఖపట్నము వరకు టిక్కెట్టు తీసికొని, సింహాచలమెక్కి, స్వామి దర్శనమైన పిదప రాయల శాసనమెచటనో అడిగి చూచి రండు.