దోమల బ్యాటూ, ఆత్మరక్షణా

(స్త్రీల భద్రతపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. పాతికేళ్ళుగా పాలిటెక్నిక్‌లో ఆడపిల్లలకి ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్స్ చేయిస్తున్నదాన్ని. సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపైనా పట్టుకుంటాను గానీ మైకు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అయినా వచ్చాను. ఎందుకంటే ఈ విషయంలో నా పొరపాటు ఒకటుంది, అది మీకు చెప్పుకోవాలి.

2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత మా పిల్లల ప్రాజెక్టులు ఒక్కసారిగా మారిపోయాయి. అంతకుముందు ట్యాంకు నిండితే మోగే అలారం, ఎమర్జెన్సీ లైటు చేసేవాళ్ళు. ఆ తర్వాత ఎవర్ని కదిపినా “మేడం, షాక్ కొట్టే చెప్పులు చేస్తాం”, “షాక్ కొట్టే హ్యాండ్‌బ్యాగు చేస్తాం” అనడమే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరు మీద అత్యాచారం, హత్య జరిగాక మళ్ళీ అదే వరస. ఆ పిల్లల భయం నిజమైనది. చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న కోరికా నిజమైనదే. దాన్ని చూసి నేను ఏనాడూ నవ్వలేదు.

వాళ్ళు దేనితో మొదలుపెట్టేవాళ్ళో తెలుసా? దోమల బ్యాటుతో. మన ఇళ్ళల్లో టపటపా పేలుతూ దోమల్ని కాల్చేదే. పిడిలో ఉన్న బ్యాటరీ ఇచ్చేది కొద్ది వోల్టులే. ఆ కరెంటుని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకి వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచుతుంది. ఆ పైన డయోడ్లూ కెపాసిటర్లూ కలిసి మెట్టు మెట్టుగా వెయ్యి, రెండు వేల వోల్టుల దాకా ఎక్కిస్తాయి. బజార్లో అమ్మే స్టన్ గన్ కూడా మూలంలో ఇదే, కాకపోతే ఇంకా పై మెట్లకి వెళుతుంది.

కెపాసిటర్ని కుండ అనుకోండి. కుళాయి కట్టేసినా కుండలో నీళ్ళు ఉంటాయి కదా. అలాగే స్విచ్ ఆపినా, బ్యాటరీ తీసేసినా అందులో చార్జి మిగిలి ఉండొచ్చు. పాత ఫిల్ము కెమెరా ఫ్లాష్‌లో ఉండేది 300 వోల్టులే, కానీ దాని కుండ పెద్దది. అందుకే అది బ్యాటు కన్నా ప్రమాదం. ఈ సంగతి తెలియక చేతులు కాల్చుకున్న పిల్లల్ని నేను చూశాను. ఇంట్లో చేసిన పరికరం మొదట కరిచేది చేసినవాళ్ళనే.

ఇక డబ్బా మీద “పది లక్షల వోల్టులు” అని అచ్చేసి అమ్ముతారే, దాన్ని నమ్మకండి. పొడిగాలిలో ఒక సెంటీమీటరు దూరం నిప్పురవ్వ దూకాలంటే సుమారు 30 వేల వోల్టులు చాలు, మొనలు సూదిగా ఉంటే అంతకూడా అక్కర్లేదు. రెండు మొనల మధ్య మూడు సెంటీమీటర్లు ఉన్న పెట్టెలో పది లక్షలు ఎలా పుడతాయి? అంతకు చాలా ముందే రవ్వ దూకేస్తుంది. పైగా వోల్టుల అంకె చంపేదీ కాదు, కాపాడేదీ కాదు. చలికాలంలో సింథటిక్ చీర చిటపటలాడినప్పుడు కూడా వేల వోల్టులే, మనకేమీ కాదు. గోడకున్న ప్లగ్గులో 230 వోల్టులే, ప్రాణం తీస్తుంది. ఎంత కరెంటు, ఎంతసేపు, గుండె మీదుగా పోయిందా లేదా అన్నదే లెక్క. పిల్లలు చేసిన డబ్బాల్లో ఈ లెక్క ఎవరూ కొలిచి ఉండరు. మందపాటి బట్టల మీద అది పనిచెయ్యకపోవచ్చు, గుండెజబ్బు మనిషికి తగిలితే ముప్పు కావచ్చు. సినిమాల్లోలాగా తాకగానే మనిషి కుప్పకూలడం మాత్రం చేత్తో పట్టుకునే ఈ పెట్టెలతో నమ్ముకోదగ్గది కాదు. అంటే వాడికి మనం చెయ్యి చాచినంత దగ్గర ఉండాలి, కొన్ని సెకన్లు అదిమి పట్టుకోవాలి. అంతసేపట్లో అది ఎవరి చేతిలోకి వెళుతుంది?

నా పొరపాటు ఇక్కడే. ఒక విద్యార్థినికి అలాంటి పెట్టె చేసుకోవడానికి నేనే సాయపడ్డాను. చక్కగా చేసింది, మెచ్చుకున్నాను కూడా. రెండేళ్ళ తర్వాత, పెళ్ళయ్యాక నా దగ్గరికొచ్చింది. భర్త ఆమె సంచీ వెతికి అది తీసి “ఇది ఎవడి కోసం?” అన్నాడట. తర్వాత దాన్ని ఆమె మీదే వాడాడు. ఒక్కసారి కాదు. తొడ మీద జంట జంటగా చిన్న మచ్చలు చూపించింది. “మేడం, బ్యాటరీ తీసేశాను, ఇంకా కొడుతుందా?” అని అడిగింది. నాకు మాట రాలేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు చూడండి. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆమెకి తెలిసినవాళ్ళే. మనం చీకటి సందులో అపరిచితుడి కోసం ఆయుధం చేస్తున్నాం. ఇంట్లో ఉన్నవాడికి ఆ సంచీ ఎక్కడుంటుందో తెలుసు.

ఈ పరికరాల చరిత్ర కూడా కొంచెం గుర్తుచేసుకోవాలి. పశువుల్ని అదిలించే కరెంటు కర్రని అర్జెంటీనాలో పోలీసులు 1930ల నుంచే మనుషుల మీద వాడారు. 1976–83 సైనిక పాలనలో నిర్బంధంలో ఉన్న స్త్రీల మీద, గర్భిణుల మీద కూడా వాడారు. 1997లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఈ కరెంటు ఆయుధాల వ్యాపారం మీద నివేదిక తెచ్చింది. పెద్దగా మచ్చ పడకుండా బాధపెట్టగలగడమే హింసించేవాడికి వీటిలో నచ్చే గుణం. చిత్రహింసలకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం మీద మన ప్రభుత్వం అదే 1997లో సంతకం పెట్టింది, ఆమోదముద్ర మాత్రం ఈనాటికీ వెయ్యలేదు. లాకప్పులో లాఠీ ఎవరి చేతిలో ఉంటుందో 1978 నాటి రమీజాబీ ఉదంతం నుంచి మన ఉద్యమానికి తెలుసు. స్త్రీల భద్రత పేరుతో వీటిని వీధివీధికీ తెచ్చుకునే ముందు అది కూడా ఆలోచించాలి.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. అత్యాచారం చెయ్యాలని దాడి చేసినవాడి ప్రాణం పోయినా అది మన హక్కే అని 38వ సెక్షను చెబుతోంది. అవసరానికి మించి హాని చెయ్యకూడదని 37 అంటోంది. మనకున్న హక్కు చాలా పెద్దది, దానికి డబ్బా అక్కర్లేదు. ఆ అమ్మాయి విషయంలో 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారికి దరఖాస్తు పెట్టాం. అది ఇంకా నడుస్తోంది. వాయిదాలకి నేనూ వెళుతున్నాను.

ఇలా అన్నానని ఆడపిల్లలు సర్క్యూట్ల జోలికి పోకూడదని కాదు, తల్లులారా. మొగవాళ్ళు రేడియో విప్పితే తెలివి, ఆడపిల్ల విప్పితే పాడుచేస్తుందని తిట్లు తిన్న తరం మాది. విప్పనివ్వండి. మిక్సీ, ఇన్వర్టర్, దోమల బ్యాటు, ఏదైనా విప్పనివ్వండి. మా దగ్గర ఇప్పుడు మొదటి పాఠం, విప్పాక కెపాసిటర్‌లో మిగిలిన చార్జిని తగిన రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యడం, మీటరు పెట్టి సున్నా చూశాకే వేలు పెట్టడం.

మీలో ఎవరి పిల్లలైనా ఇలాంటి పెట్టె చేసి ఇంట్లో దాచుకుని ఉంటే, దాన్ని మీరు విప్పకండి. బయటికి తీయగలిగితే బ్యాటరీ మాత్రం తీసి, మొనలు తాకకుండా గుడ్డలో చుట్టి, సభ అయ్యాక వెనక బల్ల దగ్గరికి తీసుకురండి. మీటరు తెచ్చాను.