నాచులోని గాదె

వరిమడిలోని నీలాకుపచ్చ నాచును నేను చిరకాలము మురికియనియే తలంచితిని. అట్టి నాచులలో కొన్ని గాలినుండి నత్రజనిని గ్రహించి మడికి బలమిచ్చునని 1939లో పి. కె. డే ప్రకటించెను. యూరియా మెండుగా చల్లినచో అవి గాలి జోలికి పోవు.

గ్రహించిన నత్రజనిలో కొంత నాచు తనలో గింజలుగా దాచుకొనును. ఆ గింజలను 1887లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బోర్జీ గుర్తించెను. వాని పేరు సైనోఫైసిన్. మనము పండిన యేట గాదె నింపుదుము. నాచు తీరు వేఱు. భాస్వరము కొఱవడియో, వెలుతురు తగ్గియో, చలి సోకియో ఎదుగుదల కుంటుపడినప్పుడు, నత్రజని దొరకినంతవఱకు దాచుకొనును. మరల ఎదుగునాడు నత్రజని చాలకున్న ఆ నిలువను కరగించుకొని తినును. మడికి మిగులునది చాలవఱకు నాచు కుళ్లిన పిదపనే.

నాచును గట్టుపై పాఱవేయించుట మానితిని; కలుపుతీతవేళ మట్టిలో త్రొక్కించుచున్నాను.