రోడ్డు దాటుటకు ఐదు సెకండ్లు

సాయంకాలమున చేతిసంచితో రోడ్డు అంచున నిలిచిన వృద్ధుని మీరు చూచియే యుందురు. ఆయన ఒక అడుగు ముందుకు వేయును. హారను మ్రోగగానే ఆ అడుగు వెనుకకు తీసికొనును. ఇట్లు నాలుగైదు మారులు జరిగిన పిమ్మట ఇంటికి మరలును. క్రమముగా గుడికిని, గ్రంథాలయమునకును పోవుట మానుకొనును. ప్రమాదము జరుగలేదు కనుక ఈ నష్టము ఏ లెక్కలోను చేరదు.

“పెద్దవారు జాగ్రత్తగా నడువవలెను” అని మనము సులభముగా అందుము. కాని ఒక చిన్న గణితము చూడుడు. కూడళ్ళలో పాదచారులకు పచ్చదీపము ఎంతసేపు వెలుగవలెనో నిర్ణయించునపుడు, సెకండుకు సుమారు 1.2 మీటర్ల నడకను ప్రమాణముగా తీసికొనుట పలుదేశములలో వాడుక. ఆ లెక్కన 12 మీటర్ల రోడ్డు దాటుటకు 10 సెకండ్లు చాలును. మోకాళ్ళ నొప్పిగల పెద్దమనిషి సెకండుకు 0.8 మీటరు నడచినచో, ఆయనకు 15 సెకండ్లు పట్టును. మిగిలిన ఐదు సెకండ్లు ఆయన కదలివచ్చు వాహనముల నడుమ గడపవలెను. పైగా నేటి విద్యుత్ వాహనములు చప్పుడు లేక వచ్చును; వినికిడి మందగించినవారికి అవి దగ్గరకు వచ్చువరకు తెలియదు.

సింగపూరు ఈ ఇబ్బందిని గుర్తించినది. 2009లో అచ్చట ప్రవేశపెట్టిన ఏర్పాటు ప్రకారము, వృద్ధులు తమ కార్డును దీపస్తంభమునందలి యంత్రమునకు తాకించినచో పచ్చదీపము మరికొన్ని సెకండ్లు వెలుగును. 2014 నుండి వృద్ధులు అధికముగా నివసించు పేటలలో వాహనముల వేగమును తగ్గించి, రోడ్డు నడుమ ఆగుటకు తావు కల్పించుచు వచ్చిరి. సగము దాటి, ఊపిరి తీసికొని, తక్కిన సగము దాటవచ్చును.

అట్టి యంత్రములు వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. పేట సంఘమువారు ఒక ఆదివారము నలుగురు వృద్ధులను వెంటబెట్టుకొని, వారి నడకతోనే వీధి నడచి చూడవలెను. కాలిబాటను దుకాణము ఎచ్చట ఆక్రమించినదో, దీపము ఎచ్చట వెలుగదో, మెట్టు ఎచ్చట ఎత్తుగా నున్నదో వారే చూపుదురు. ఆ జాబితాను పురపాలక సంఘమునకు అందజేసి, పని ముగియువరకు అడుగుచుండవలెను. సంతవేళలందు యువకులు, పోలీసువారి అనుమతితో, వంతులవారీగా కూడలిలో నిలిచి పెద్దలను దాటింపవచ్చును. కంటి శుక్లముల పరీక్షను కూడ సంఘమే ఏర్పాటు చేయవచ్చును. చీకటి పడిన వెనుక లేతరంగు వస్త్రములు ధరించిన పాదచారి, వాహనము నడుపువానికి ముందుగా కనబడును.

రేపు మీ ఇంటి పెద్దవారు బయలుదేరునపుడు, “రోడ్డు ఎక్కడ దాటుచున్నారు, తాతగారూ?” అని అడిగి, ఒక్కసారి వారి వెంట నడచి రండు. మీరును అడుగు తగ్గించియే నడువుడు.