దారిలో మధ్యాహ్న భోజనము

కుటుంబముతో కారులో దూరప్రయాణము చేయువారు దారి, పెట్రోలు, బస మున్నగు వానిని ముందుగనే ఆలోచించుకొందురు. మధ్యాహ్న భోజనమును మాత్రము ‘దారిలో ఎక్కడో ఒకచోట’ అని విడిచిపెట్టుదురు. ఆ ‘ఎక్కడో ఒకచోటు’ తీరా ఆకలివేళకు కానరాదు. ఒంటిగంట దాటును. పిల్లలు ఏడ్పు మొదలుపెట్టుదురు. భోజనము కాగానే మందు వేసికొనవలసిన పెద్దవారు మొగమాటమున పెదవి విప్పరు. అప్పుడు కంటబడిన మొదటి రంగుల బోర్డు ముందర బండి ఆగిపోవును.

విజయవాడనుండి విశాఖపట్నము పోవు బాటనే తీసికొందము. దూరము దాదాపు 350 కిలోమీటర్లు. వెనుక 5వ నంబరు జాతీయ రహదారి యనబడిన ఈ బాటకు 2010లో 16 అను సంఖ్య వచ్చినది. పాత దారి ఊళ్ళ నడుమనుండి సాగెడిది. పూటకూళ్ళ ఇల్లో, కాఫీ హోటలో దానంతట అదే మన యెదుటికి వచ్చెడిది. నాలుగు వరుసల బాట పడిన పిదప ఏలూరు, తాడేపల్లిగూడెము, అనకాపల్లి వంటి ఊళ్ళు ప్రక్కకు తొలగినవి. అద్దాల భవనములు బైపాసు మీద వెలసినవి. మెస్సులు ఊళ్ళోనే మిగిలినవి. ఊరి మెస్సునకు రేపును ఆ గుమాస్తాలే, ఆ ఉపాధ్యాయులే రావలెను. బాట ప్రక్క హోటలులో నేడు తిన్నవాడు మరల వచ్చునన్న నమ్మకము లేదు. బాట మీద మంచి హోటళ్ళు లేవని కాదు. కాని ఊళ్ళోనికి పోయివచ్చుటకు పట్టు పది నిమిషములు వృథా కావని నా అభిప్రాయము.

తినువారి సంఖ్య నేనేల చూతునో చెప్పెదను. అన్నము ఉడికినను చావని బీజములు గల సూక్ష్మజీవి యొకటి కలదు; దాని పేరు బాసిల్లస్ సీరియస్. వండిన అన్నము వేడి తగ్గి గంటల తరబడి నిలువయున్నచో అది పెరిగి విషమును పుట్టించును. వాంతులు కలిగించు ఆ విషము మరల వేడిచేసినను పోదు. ఒక వేసవిలో మా చిన్నవాడు ఒక పెద్ద హోటలులో వేపుడు అన్నము తిని, గంటన్నర గడువకముందే వాంతులు మొదలుపెట్టెను. నాటి మిగిలిన ప్రయాణమంతయు ఒక ఆసుపత్రి బల్లమీద గడచినది. జనము మెండుగ వచ్చుచోట అన్నము గుండిగలో నిలువయుండదు. చేతిలోని ఫోను చూపు నక్షత్రములు రుచిని గూర్చి చెప్పునేమో గాని, నేటి అన్నము ఏ వేళ వార్చినదో చెప్పజాలవు.

కావున అడుగవలెను. తణుకులో ఒక మెస్సున నేనట్లే అడుగగా, వడ్డించు పెద్దాయన ‘‘రెండో వాయి ఇప్పుడే దించామండీ, కాస్త పొగ తగ్గనివ్వండి’’ అనెను. అట్టి మాట విన్నచోట నిశ్చింతగా ఆకు వేయించుకొనవచ్చును. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, వంకాయకూర, మజ్జిగపులుసు. మా అమ్మగారికి చారు, పెరుగు చాలును.

కూర్చొనకముందే ఇంటివారిలో నొకరు మరుగుదొడ్డి చూచి రావలెను. ఆడవారి ప్రయాణములో సగము బాధ అక్కడనే యున్నది. పైగా వంటయిల్లు మనకు చూపరు, ఇది చూడవచ్చును. దీనిని కడుగనివాడు గుండిగను కడుగునని నమ్ముటెట్లు?

ఇక వేళ. తొమ్మిదింటికి విజయవాడ విడిచినవారు పదకొండున్నరకు తణుకు చేరవచ్చును. ఏడింటికే బయలుదేరినవారు ఆ వేళకు అన్నవరము చేరుదురు. అక్కడ గోధుమనూక, నెయ్యి చేర్చిన ప్రసాదము లభించును. దానిని భోజనానంతరమే విప్పుట మేలు. ముందుగ విప్పినచో పిల్లలు మరి అన్నము ముట్టరు.

బండి నడుపువాడు మాత్రము మారువడ్డనకు చేయి అడ్డముపెట్టవలెను. రెండు మొదలు నాలుగు గంటలలోపల సహజముగనే నిద్ర ముంచుకొని వచ్చును. నిండిన కడుపు దానికి తోడగును. చెట్టునీడను బండి నిలిపి, ఇరువది నిమిషములు కునుకు తీసిన పిదప కదలిన చాలును. తణుకునుండి కదలినవారికి సిద్ధాంతము వద్ద వశిష్ఠ, రావులపాలెము దాటగనే గౌతమి ఎదురగును. వెనుక సీటులో నిదురించు పిల్లలను అప్పుడు లేపవచ్చును.