భూమికి ధర వచ్చింది, ఆడబిడ్డకు వాటా వచ్చిందా?

(ప్రొద్దుటూరు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టబద్ధ పాలన ఉంటేనే పెట్టుబడులు వస్తాయనీ, పెట్టుబడులు వస్తేనే అభివృద్ధి జరుగుతుందనీ తరచు వింటున్నాం. ఆ మాట అబద్ధమని నేను అనను. భూమి ఎవరిదో తేలకపోతే బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు ముందుకు రాడు. కాని కొనేవాడికి చట్టం ఇచ్చే భరోసా, అదే భూమిలో నాట్లు వేసి కలుపు తీసిన స్త్రీకి కూడా ఇస్తున్నదా? ఇదీ నా ప్రశ్న.

మన చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాన్నే చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న, సరిగ్గా మహిళా దినం నాడే, 111 జీవో వచ్చింది. 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలనూ, పెద్ద హోటళ్లనూ, కాలనీలనూ నిషేధించింది. అయినా ఫాంహౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేస్తూనే వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. చట్టం అమలులో ఉన్నంతకాలం దాన్ని దాటగలిగింది డబ్బున్నవారే.

ఇక మన వాటా సంగతి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. అయితే 1985 సెప్టెంబర్ 5కు ముందే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం ఆ తేడాను తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి ఆచరణలో? భూమి అగ్గువకు పోయినన్నాళ్లు ఆడబిడ్డ ఎవరికీ గుర్తు రాలేదు. ఎకరం కోట్లకు చేరాక ఆమెను వెతుక్కుంటూ వస్తున్నారు. వాటా ఇవ్వడానికి కాదు, సంతకం కోసం. రేపు ఆమె కోర్టుకు పోతే కొన్నవాడికి చిక్కు కనుక, అతని వకీలు ఆమె సంతకం అడుగుతాడు. అంటే చట్టం పనిచేస్తున్నది! కొనేవాడి భద్రత కోసం పనిచేస్తున్నది. ఆమెకు దక్కేది ఒక చీర, "పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం గదా" అన్న మాట. కాదంటే పుట్టింటి గడప మూసుకుంటుంది. ఆ భయమే ఆమె చేత సంతకం పెట్టిస్తుంది.

అందుకే సంఘాలుగా మనం చేయవలసింది ఉంది. చదివి వినిపించనిదే ఏ కాగితం మీదా వేలిముద్ర వేయవద్దని ఊరూరా చెప్పాలి. విరాసత్ చేసేటప్పుడు భార్య పేరు, కూతుళ్ల పేర్లు రాశారా లేదా అని తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా వకీలును ఇవ్వాలి. అది దయ కాదు, హక్కు. ఒంటరిగా వెళితే "రేపు రా" అంటారు. పదిమంది వెళితే దరఖాస్తు తీసుకుంటారు.

ఆడబిడ్డ సంతకానికి ఉన్న విలువ ఆమె వాటాకు కూడా వచ్చిననాడే చట్టబద్ధ పాలన అన్న మాటకు అర్థం.