సునాదము – విడుదల ధ్వని

ఈ దినమున లేవీయకాండము 25వ అధ్యాయములోని ఒక్క మాటను ధ్యానిద్దాం.

మన సంఘాలలో సిల్వర్ జూబిలీ, గోల్డెన్ జూబిలీ అని బ్యానర్లు కడతాం. జూబిలీ అంటే ఏమిటి? లాటిన్ భాషలో 'యూబిలారె' అంటే ఆనందముతో కేక వేయుట. అంతకంటే పాతది 'యోబేలు' అనే హెబ్రీ మాట. దాని అర్థం పొట్టేలు కొమ్ము. సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో జెరోము భక్తుడు పాత నిబంధనను లాటిన్‌లోకి తర్జుమా చేసినప్పుడు యోబేలు 'యూబిలేయుస్' అయింది. ఆ విధంగా బూరధ్వని, ఆనందధ్వని ఒకే మాటలో కలిసిపోయాయి. మన తెలుగు బైబిలులో అదే సునాదము.

ఆ బూర ఎందుకు? 50వ సంవత్సరమున, ప్రాయశ్చిత్త దినమున దానిని ఊదాలి. పేదరికములో పొలము అమ్ముకున్నవానికి పొలము తిరిగి రావాలి. దాసుడైనవాడు తన కుటుంబము దగ్గరకు తిరిగి వెళ్లాలి. గమనించండి! మొదట పాపక్షమాపణ, తరువాత విడుదల, ఆ తరువాతనే సంతోషము.

1836లో మిషనెరీ శామ్యూల్ డే దొర మన దేశానికి వచ్చారు. 1886లో నెల్లూరులో ఆ బాప్టిస్టు మిషను 50 ఏండ్ల జూబిలీ జరిగింది. అంతకు కొద్ది ఏండ్ల ముందే, 1876–78 ధాత కరువు మన జిల్లాను కాల్చివేసింది. ఒంగోలులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. ఆ జూబిలీకి ముందు అన్నము ఉంది!

మరి నేడు? మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల్లో వానలు తప్పిన యేడు అప్పు మిగులుతుంది. పిల్లలను అవ్వాతాతల దగ్గర విడిచి తల్లిదండ్రులు హైదరాబాదుకో, బెంగళూరుకో కూలికి పోతారు. అప్పిచ్చిన విశ్వాసి ముందు బెంచీలో కూర్చుంటాడు. అప్పు తీర్చలేని విశ్వాసి అతని మొహం చూడలేక ఆరాధనకే రావడం మానేస్తాడు. సహోదరుడా, షామియానా వేయకముందు అతని ఇంటికి వెళ్లు. మన మార్కాపురం పలక మీది లెక్కను తడిగుడ్డతో తుడిచినట్లు ఆ వడ్డీని తుడిచివెయ్యి. ఆదివారం అతడు మళ్లీ నీ ప్రక్కన కూర్చుంటే, అదే నీ సంఘపు సునాదము.

నజరేతు సమాజమందిరములో యేసు ప్రభువు ప్రకటించిన హితవత్సరము ఇదే. నీ ఋణమును సిలువ మీద కొట్టివేసిన ప్రభువు నీ చేతిలోని పత్రము వైపు చూస్తున్నాడు. ఈ దినమే నిర్ణయించుకో.

ప్రార్థన: ప్రభువా, మమ్మును విడిపించితివి. మేమును విడిపించు మనస్సు దయచేయుము. ఆమేన్.